కాఫీ డబ్బాలో మందు

డారెల్ అన్నయ్యా,

నువ్వు నింపిన తూటాల్లో ఒక్కటి కూడా తుపాకిలో పెట్టకు. వాటి పెట్టెను గ్యారేజీ అలమారలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నాతోపాటు బిల్లింగ్స్‌లో కాలేజీకి తీసుకెళ్తున్నాను, ఆదివారం వస్తాను. కాఫీ డబ్బాలో తుపాకిమందు కోసం వెతక్కు. పెరట్లో గడ్డి మీద పలచగా చల్లేశాను, దానికైనా ఎరువవుతుంది.

ఎవరో గ్యారేజీ ఖాళీ చేసుకుంటూ అమ్మితే, చవకని పేరూ ఊరూ లేని మందు కొన్నావు. రైఫిల్‌దా, పిస్తోలుదా అని అడిగితే "నల్లగానే ఉంది కదే, అదే మందు" అన్నావు. మహా పండితుడివి! తూటాలు నింపే మర పాతది కొన్నా ఫరవాలేదు, మందు మాత్రం సీలు విప్పనిదే కొనాలని ఆ పని నేర్పే పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. నీ పుట్టినరోజుకి నేనిచ్చిన ఆ పుస్తకాన్ని బల్ల ఊగకుండా కాలి కింద పెట్టావు. వంటింటి త్రాసుతో తూచి, టీవీలో ఆట చూస్తూ నింపావు. ఏ తూటా గుల్లలో మందు రెండుసార్లు పోశావో నీకే తెలియదు. "కాలేజీకెళ్తే తుపాకులు నేర్పుతారేంటి?" అని నవ్వావు. నేర్పరు. చదవడం నేర్పుతారు. మందు ఎక్కువైతే తుపాకి పేల్చేవాడి ముఖం మీదే పగులుతుంది.

జొలీన్

తా.క. ఇరవై నింపానన్నావు, పెట్టెలో పంతొమ్మిదే ఉన్నాయి. ఇరవయ్యోది నాన్న చొక్కా జేబులో ఉంది. "మా వాడు చేశాడు" అని దాణా కొట్లో అందరికీ చూపిస్తున్నాడు. శనివారం మొదటి జింకని దాంతోనే కొడతాడట. ఈ రోజే నువ్వే అడిగి తీసుకో. ఆయన మురిపెం చూసి అడగడానికి నాకు నోరు రాలేదు.