ఎర్రదీపం ఆరేదాకా

సోమవారం

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. చెల్లెమ్మను అడిగానని చెప్పు. ఇక్కడ నేను క్షేమం. నువ్వు కొనిపెట్టిన కరెంటు పొయ్యి కూడా క్షేమం, ఎందుకంటే దాన్ని ఇప్పటికి ఒక్కసారే ముట్టుకున్నాను.

కుడి మణికట్టు విరిగిన మీ అక్కకు గ్యాసు, అగ్గిపెట్టె ఇక కష్టమని నువ్వు దీన్ని కొనడం బాగానే ఉంది. నీ దగ్గర పనిచేసే ఇద్దరు దాన్ని మోసుకొచ్చి, వంటింటి గోడ పక్కన నిలబెట్టి, దానికంటూ గోడకు వేరే స్విచ్ బిగించి వెళ్లారు. వాళ్లు వెళ్లాక కుర్చీ వేసుకుని దాని ఎదురుగా గంటసేపు కూర్చున్నాను. నడుమెత్తు ఉంది. పైన నల్లటి అద్దం, అద్దం కింద నాలుగు వలయాలు, ముందు గాజు తలుపుతో ఓవెన్, అన్నిటికన్నా అడుగున ఒక సొరుగు. ముప్పై నాలుగేళ్లు రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో లీవర్లు లాగినవాణ్ణి, యంత్రాలు నాకు కొత్త కాదు. కానీ అవన్నీ గోల చేసేవే. ఇంత బలం లోపల పెట్టుకుని ఇంత మౌనంగా నిలబడేదాన్ని ఇప్పుడే చూస్తున్నాను.

నిన్న ధైర్యం చేసి ఒక మీట తిప్పాను. అగ్గిపుల్ల లేదు, మంట లేదు. అద్దం లోపలి నుంచి ఎరుపు మెల్లగా పైకి తేలింది. డ్యూటీలో కూర్చుని పొద్దు పొడవడం వేలసార్లు చూశాను గానీ వంటింట్లో చూడటం ఇదే మొదలు. పాలగిన్నె పెట్టడం కూడా మరిచిపోయి ఆపేశాను.

ఆపాక అసలు సంగతి మొదలైంది. వలయం నల్లబడింది, పక్కన చిన్న ఎర్రదీపం మాత్రం వెలుగుతూనే ఉంది. ఎర్రదీపం ఉండగా డ్యూటీ వదిలిన చరిత్ర నాకు లేదు. పాత ఎర్రజెండా వెతికి తీసి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. పక్కింటి టైలరమ్మ తన కత్తెర కోసం వస్తే ఆపేశాను. పాపం అరగంట వరండాలో నిలబడింది. దీపం ఆరాక పచ్చజెండా ఊపి లోపలికి వదిలాను.

రెండో సమస్య గడియారం. ఓవెన్ మీద సున్నాలు మిణుకుమిణుకుమంటున్నాయి. గడియారం పెడితే గానీ ఓవెన్ వెలగదని దాంతో వచ్చిన పుస్తకంలో ఉంది. కాబట్టి సరైన సమయం ఎంతో రాసి పంపు. ఫోన్ చేయమనకు, ఇంజన్ కూతలకు నా చెవులు ఎప్పుడో పోయాయి.

"ఆ పొయ్యి మీద ఈయన భద్రంగా ఒక పూట వండుకుని తిన్నారని నా తమ్ముడు రాసిస్తేనే మళ్లీ ఈ గుమ్మం తొక్కుతాను" అని మీ అక్క మీ ఇంటికి రావడానికి బండెక్కుతూ అన్నప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. నా కాపురం నీ కలంలో ఉంది, కాస్త దయ ఉంచు.

ఇట్లు,
మీ బావ

తా.క. ఆపేశాక కూడా లోపల వేడి ఉందని చెప్పే దీపం ఎంత గొప్ప ఆలోచన. మీ అక్కకు అలాంటిది ఒకటి ఉంటే ఈ ముప్పై ఏళ్లలో నేను ఇన్నిసార్లు చేతులు కాల్చుకునేవాణ్ణి కాదు. ఇది ఆవిడకు చెప్పకు.


శుక్రవారం

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. చేతిరాతకు క్షమించాలి. పొద్దస్తమానం గోడలకు బెజ్జాలు వేసే చెయ్యి.

ఎర్రదీపం అద్దం ఇంకా వేడిగా ఉందని చెబుతోంది, అంతే. రాకపోకలు ఆపమని కాదు. అది ఆరేదాకా అద్దం మీద చెయ్యి, గుడ్డ, కాగితం, ప్లాస్టిక్ పెట్టకపోతే చాలు, మీరు వెళ్లి పేపరు చదువుకోవచ్చు. వలయం వెలుగుతున్నప్పుడు మాత్రం వంటిల్లు వదలకండి. కాపలా కాయాల్సింది అప్పుడు.

గడియారాన్ని మన గోడ గడియారం చూసి పెట్టుకోండి. అదయ్యాక మొదటిసారి ఓవెన్‌ను ఖాళీగా, కిటికీలన్నీ తీసి, అరగంట పైన బాగా వేడి చేయండి. కొత్తది కాబట్టి వాసన వస్తుంది, కాస్త పొగ కూడా రావచ్చు. కంగారు పడకండి. పొయ్యి తుడిచే ముందు గోడ స్విచ్ ఆపండి.

ఓవెన్ పిడికి తువ్వాలు వేలాడదీయకండి. మీరు వేలాడదీస్తారని నాకు తెలుసు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ఎర్రదీపం మాట నేను అక్కకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.


బుధవారం

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదవడానికి నాకు రెండు పూటలు పట్టింది. కోడి సిరాలో కాలు ముంచి కాగితం మీద పురుగులు ఏరుకున్నట్టుంది. అంత పెద్ద కాంట్రాక్టరువి, కాస్త రాత దిద్దుకో. తువ్వాలు అప్పటికే వేలాడుతోంది, తీసేశాను. ఎలా కనిపెట్టావో గానీ అచ్చం మీ అక్కలా రాశావు. తోడబుట్టినవాళ్లు అనిపించుకున్నారు.

గడియారం విషయంలో మాత్రం నీ మాట వినలేను. మా ఉద్యోగంలో రోజూ పొద్దున్నే కంట్రోల్ ఆఫీసు సమయం చెబితే దాని ప్రకారం గడియారం దిద్దేవాళ్లం. సొంతంగా పెట్టుకున్నవాడి ఉద్యోగం ఊడేది. పైగా మన గోడ గడియారాన్ని నన్ను తొందరపెట్టడానికని మీ అక్క నాలుగు నిమిషాలు ముందుకు తిప్పి ఉంచింది. అబద్ధమాడే గడియారాన్ని చూపించి ఇంత గొప్ప యంత్రానికి సమయం నేర్పమంటావా? నువ్వే పంపు.

ఇంకో చిక్కు. తుడిచే ముందు స్విచ్ ఆపమన్నావు. మూడు పూటలా తుడుస్తున్నాను, మూడు పూటలా ఆపుతున్నాను. మళ్లీ వేయగానే మళ్లీ సున్నాలే. కాబట్టి రోజుకు మూడు సమయాలు కావాలి. వారానికి సరిపడా ఒకే కవరులో పంపితే స్టాంపులు కలిసొస్తాయి.

ఓవెన్ వెలగక పైనే బంగాళదుంపలు ఉడకేసుకుంటున్నాను. బుడగలు రావడం మొదలుకాగానే మీట తగ్గిస్తే నీళ్లు చెప్పిన మాట విన్నట్టు నెమ్మదిస్తాయి. ఆ ఒక్క ముచ్చట చూడటానికే రోజూ ఉడకేస్తున్నాను.

నీ మనుషులు ఒక ప్యాకెట్ వదిలేసి వెళ్లారు. అందులో చిన్న గొలుసు, రెండు కొక్కేలు ఉన్నాయి. చూడగానే తెలిసిపోయింది. రైలు పెట్టెలో ఉంటుంది చూడు, ప్రమాదం వస్తే లాగేది. వంటింటి పైకప్పుకు వేలాడదీసి, "అకారణంగా లాగరాదు" అని అట్టముక్క మీద రాసి కట్టాను. టైలరమ్మ ఒకసారి లాగి చూసింది. పొయ్యి ఆగలేదు. ఏదో లోపం ఉంది, కనుక్కో.

ఇట్లు,
మీ బావ

తా.క. ఇంత మౌనంగా ఉండే పొయ్యి ఎదుట కూర్చుంటే మనిషికి నిజాలు చెప్పాలనిపిస్తుంది. అత్తయ్యగారు మీ అక్కకిచ్చిన నీలం అంచు గాజు గిన్నెను పదేళ్ల కిందట పగలగొట్టింది టైలరమ్మ పిల్లి కాదు. వేడివేడిగా తడి బండ మీద పెట్టింది నేను. పిల్లి పోయి చాలా కాలమైంది కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. నీలోనే ఉంచుకో.


సోమవారం

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి తల పట్టుకుని కూర్చున్నాను.

ఆ గొలుసు లాగడానికి కాదు. పొయ్యి వెనక వైపును గోడకు కట్టేయడానికి. ఓవెన్ తలుపు తెరిచి ఉన్నప్పుడు దాని మీద బరువు పడితే పొయ్యి మొత్తం ముందుకు ఒరిగి మీద పడుతుంది, పైనున్న వేడి గిన్నెతో సహా. అది బిగించకుండా వెళ్లినవాళ్లకు ఇక్కడ పడాల్సిన చీవాట్లు పడ్డాయి. గురువారం ఒకడు వచ్చి బిగిస్తాడు. అప్పటిదాకా వాడకండి. వాడికి అట్టముక్క చూపించకండి.

సమయం ఉత్తరంలో పంపితే మూడు రోజులకు చేరుతుంది. అప్పటికి అది చద్దిదై ఉంటుంది. ఇలా చెబితే మీరు వినరు కాబట్టి ఈ రోజు నుంచి మీ కంట్రోల్ ఆఫీసు నేనే. ఇది ఉత్తర్వు. గోడ గడియారం చూసి, నాలుగు నిమిషాలు తీసేసి, ఓవెన్‌లో సమయం పెట్టండి. తేడా వస్తే బాధ్యత నాది. బంగాళదుంపలు పట్టాలు తప్పవు.

రెండో ఉత్తర్వు. తుడవడం రోజుకు ఒక్కసారి చాలు, అదీ పూర్తిగా చల్లారాక. మెత్తటి గుడ్డ, సబ్బు నీళ్లు. అద్దాన్ని ఇనుప పీచుతో రుద్దితే గీతలు పడతాయి. గుడ్డ కోసం ఇల్లంతా తిరగబోర్లా వేయకండి, మూడో అరలో డబ్బాల వెనక ఉంది.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. పోయేదాకా ఆ పిల్లికి పాలు పోయకుండా తరిమినవాళ్లు ఇప్పుడు ఎవరికి క్షమాపణ చెప్పుకోవాలి?


శనివారం

కంట్రోల్ ఆఫీసు వారికి,

ఉత్తర్వులు అందాయి, అమలయ్యాయి. నీ మనిషి వచ్చి గొలుసు బిగించాడు. తలుపు తెరిచి, వెనక అంచు పట్టుకుని ముందుకు ఊపి చూశాను, కదల్లేదు. సమయం పెట్టాను. సున్నాలు మాయమై అంకెలు కుదురుగా నిలబడితే నేనూ లేచి నిలబడ్డాను. గుడ్డ నువ్వు చెప్పిన చోటే దొరికింది. మా వంటింట్లో మూడో అర సంగతి నీకెలా తెలుసో నాకు అంతుపట్టలేదు.

కిటికీలు తీసి ఓవెన్ వెలిగించాను. వాసన వచ్చింది. దాని వెనకే టైలరమ్మ బకెట్ నీళ్లతో వచ్చింది. కరెంటు మీద నీళ్లు పోస్తే ప్రాణాలు పోతాయని ఎర్రజెండా అడ్డం పెట్టాను. ఈసారి నాది సరైన పనేనని ఆవిడే ఒప్పుకుంది.

మర్నాడు రెండు బంగాళదుంపలు కడిగి, ఫోర్కుతో గుచ్చి లోపల పెట్టాను. లోపల దీపం వెలుగుతోంది. పీట వేసుకుని గాజు తలుపులోంచి గంటసేపు చూశాను, ఆ గాజు కూడా కాలుతుందని తెలుసు కాబట్టి దూరంగానే కూర్చున్నాను. మట్టిలోంచి వచ్చిన దుంప నా కళ్ల ముందే బంగారు రంగుకు తిరిగింది. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ ఊదలేదు. మీ అక్క ముప్పై ఏళ్లు రోజూ ఇలాంటి అద్భుతం చేసి పెడుతుంటే పేపరులోంచి తల ఎత్తకుండా తిన్నవాణ్ణి నేను. సిగ్గేసింది.

తలుపు తీసేటప్పుడు పక్కకు జరిగి ఆవిరిని ముందు పోనిచ్చాను. మందపాటి చేతి తొడుగులు వేసుకున్నాను. ఓవెన్ ఆపాక కూడా లోపలి ఫ్యాను తిరుగుతూనే ఉంది, పని ముగించుకున్న మనిషి ఊపిరి తీసుకున్నట్టు. అది ఆగేదాకా తోడుగా కూర్చున్నాను. రెండు ప్లేట్లు పెట్టాను. తర్వాత గుర్తొచ్చి ఒకటి మళ్లీ అరలో పెట్టేశాను.

వండాను, తిన్నాను, ఇల్లు నిలబడి ఉంది. ఆ మాట రాసివ్వు. నీ ఉత్తర్వులన్నీ పొయ్యి అడుగు సొరుగులో భద్రంగా దాచాను.

ఇట్లు,
మీ బావ

తా.క. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు అటక మీది పెద్ద గిన్నె దించమని మీ అక్క మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ "వస్తున్నా" అన్నాను, పేపరు దించలేదు. నాలుగోసారి స్టూలు పడిన చప్పుడు వినిపించింది. ఏ చప్పుడూ సరిగా వినపడని ఈ చెవులకు అది ఇంకా వినిపిస్తోంది. ఆవిడ రాకపోయినా తప్పు పట్టను.


బుధవారం

శ్రీవారికి,

నమస్కారాలు. నిన్న నా చేతికి కట్టు విప్పారు. ఇది కుడి చేత్తో రాస్తున్నాను, రాత గుర్తుపట్టే ఉంటారు. ఇంతకుముందు వచ్చిన రెండు ఉత్తరాలూ ఎడమ చేత్తో రాసినవి.

మీ మొదటి ఉత్తరం చదివి మా తమ్ముడు కడుపు చెక్కలయ్యేలా నవ్వి, "నాకు పని ఉంది, నువ్వే రాయి అక్కా" అని నా ఒళ్లో పడేశాడు. నా పేరుతో రాస్తే మీరు వినరు. వేడి గిన్నె తడి బండ మీద పెట్టొద్దని ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను, ఏమైందో పిల్లికి తెలుసు. అందుకే వాడి పేరు పెట్టుకున్నాను. ఒక్కొక్క అక్షరానికి నా ఎడమ చెయ్యి ఎంత తంటాలు పడిందో నాకే తెలుసు. కోడి గీతలన్నారు. ఆ కోడికి కుడి కాలు కట్టులో ఉంది.

అడుగు సొరుగులోంచి ఆ కాగితాలు ముందు బయటికి తీయండి. ఓవెన్ వెలిగితే ఆ సొరుగు కూడా వేడెక్కుతుంది. మీరు నా మాట విన్నట్టు సాక్ష్యం ఈ ప్రపంచంలో ఆ రెండు కాగితాలే, అవి కాలిపోతే నన్నెవరూ నమ్మరు.

స్టూలు సంగతి. మూడుసార్లు అడిగిన మాట నిజం. దాని కాలు ఊగుతుందని తెలిసి కూడా ఎక్కింది నా పౌరుషం. తప్పులో సగం నాది, సగం మీది. మీ సగం మీరు చెప్పుకుంటారని నేను అనుకోలేదు. మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. మా మరదలు చెయ్యి నొప్పనుకుని మాత్ర ఇచ్చింది, వేసుకున్నాను.

మా తమ్ముడు రాసివ్వాల్సిన మాట నేనే రాసిస్తున్నాను. మీరు వండారు, తిన్నారు, ఇల్లు నిలబడి ఉంది. ఆదివారం మధ్యాహ్నం వస్తున్నాను. దుంపలు నాలుగు పెట్టండి. రెండో ప్లేటు అరలోకి సర్దకండి.

ఇట్లు,
మీ కంట్రోల్ ఆఫీసు

తా.క. నాకూ ఎర్రదీపం ఉంది. మాట్లాడకుండా గిన్నెలు గట్టిగా తోముతున్నానంటే వెలుగుతోందని అర్థం, మీరెప్పుడూ ఇటు చూడలేదు. మొన్నటి ఉత్తరం చివర చదువుతుంటే అది ఆరిపోయింది. ఆరింది కదా అని రాగానే మీద చెయ్యి వేయకండి, ఇంకా కాస్త వెచ్చగానే ఉంది.