ఎమరీ ముట్టని షాఫ్టు

గురువారం, రాత్రి

శాంతక్క కుట్టుమిషన్‌కు ఇవాళ రెండో షాఫ్టు, అంటే లోపల తిరిగే ఉక్కు కడ్డీ, చేశాను. మొదటిది, కడ్డీని తిప్పుతూ చెక్కే నా చిన్న లేత్ మీద గరుకుగా వచ్చింది. ఎమరీ కాగితంతో రుద్ది, మెరిపించి ఇచ్చేశాను. రుద్దిన చోట సన్నబడి వారానికే వదులైంది. పాపం, అక్క పని ఆగిపోయింది.

జనగామలో ముప్పై ఏళ్లు లేత్ నడిపిన ఖాజా అన్న అప్పుడు దాని మీద గోరు గీసి చూసి, "మెరిస్తే అయిపాయెనా? ముందుగాల టూల్‌కు పదును పెట్టు" అన్నాడు.

ఈసారి ఉక్కును కోసే టూల్ నూరి, మొనను రాయి మీద కాస్త గుండ్రంగా చేశాను. భయపడి పైపైన గీరకుండా, నూనె వేస్తూ, చెయ్యి ఆపకుండా ఒకే కోత పట్టాను. ఉక్కు చుట్టలు చుట్టలుగా ఊడింది. ఎమరీ ముట్టనేలేదు. మిషన్‌లో బిగించి నడిపితే గాని తెలియదు, అయినా ఈసారి తప్పు జరగలేదనే నా నమ్మకం...

సాయంత్రం తీసుకెళ్లి చూపిస్తే, ఖాజా అన్న కళ్లు మూసుకుని షాఫ్టు పొడవునా గోరు గీశాడు. గోరుకు ఎక్కడా గరుకు తగల్లేదు. మొహం చిట్లించాడు.

"నీకు ఎన్నిసార్లు చెప్పాలె? మళ్ల ఎమరీ రుద్దినవ్ గదా!"

ఒట్టేసినా నమ్మలేదు. ఇంటిదాకా నవ్వుకుంటూనే వచ్చాను.