చంద్రమతి బొమ్మ దాచిన కెంపుటుంగరం

విజయవాడ పటమటలో కాపురముంటున్న, కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన, డెబ్భై నాలుగేళ్ల అవివాహిత తుర్లపాటి జ్ఞానేశ్వరి అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి రాయించిన వీలునామా ఇది. నాకు మతి చలించిందని మా తమ్ముడి కొడుకు ప్రద్యుమ్న బంధువులందరికీ చెబుతున్నాడు. అందుకే డాక్టరుగారి సర్టిఫికెట్ జతపరిచాను. సర్వమూ అతనికే రాసిన పాత వీలునామా నేటితో రద్దు.

1. దీన్ని అమలుపరిచే బాధ్యత మా పక్కింటి అడ్వొకేటు రామకోటేశ్వరరావు గారిది.

2. నా కెంపుటుంగరం. పామర్రు దగ్గర మా ఊరి దివాణంలో మా నాయనమ్మ సుందరమ్మ రాణిగారికి పురాణం చదివి వినిపించేది. రాణిగారి చెల్లెలు చంద్రమతి పండక్కి వచ్చి కనిపించకుండా పోయింది. లేచిపోయిందన్నారు రాజాగారు. మంచాన పడ్డాక రాణిగారు ఈ ఉంగరం తీసి కెంపును గోటితో ఎత్తి చూపించారట. కింద దంతపు రేకు మీద గోరంత బొమ్మ, చంద్రమతిది. "సుందరం, మా చెల్లి ఎక్కడికీ పోలేదు. పెరటి బావిలోనే ఉంది. దీన్ని పెట్టుకునే ఇన్నేళ్లూ ఆయనకి వడ్డించాను. ఇక నువ్వుంచుకో" అన్నారట. తన పుట్టింటివారిచ్చిన సొమ్ముతో కొన్న ఆ పెరడు కూడా నాయనమ్మ పేర రిజిస్టరు చేయించారు. ఉంగరం, పెరడు రెండూ నాకు వచ్చాయి.

దివాణం తాలూకు మిగతా స్థలమంతా ప్రద్యుమ్న కొని ప్లాట్లు వేశాడు. మధ్యలో నా పెరడు. బావి పూడుస్తానన్నాడు. ముందు తవ్వించి చూస్తానన్నాను. మొన్న ఎండాకాలం బావుల పని చేసే జయపాల్ మనుషులు పూడిక తీస్తే ఎముకలు, వెండి కడియాలు పైకొచ్చాయి. పోలీసులు పరీక్షకు పంపారు. "ఎముకలు దొరికిన చోట ప్లాటు ఎవడు కొంటాడత్తయ్యా!" అని అరిచి వెళ్లిపోయాడు ప్రద్యుమ్న.

ఆ తర్వాత అతనికి నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. బీపీ మాత్రలు తనే తేవడం మొదలుపెట్టాడు. నాకు కళ్లు తిరగడం, చెమటలు పట్టడం కూడా అప్పుడే మొదలైంది. ఒకరోజు అతని భార్య శాంభవి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "అత్తయ్యగారూ, ఆయన తెచ్చే మందులు వేసుకోకండి. ఎందుకని అడక్కండి" అని వెనక్కి చూసుకుంటూ వెళ్లిపోయింది. నర్సుగా చేసిన నా స్నేహితురాలు తెరేసమ్మ ఆ డబ్బా చూసింది. అవి షుగరు తగ్గించే మాత్రలు. నాకు షుగరే లేదు. స్టేషన్లో చెబితే, ఇంటి విషయం, కూర్చుని మాట్లాడుకోండమ్మా అన్నారు. ఆ డబ్బా సీలు వేసి అడ్వొకేటుగారి దగ్గర ఉంచాను.

3. పెరడు, బావి సహా, ఆ ఊరి ఆడపిల్లల హైస్కూలుకు చెందాలి. అమ్మకూడదు, బావి పూడ్చకూడదు. గట్టు మీద చంద్రమతి పేరు చెక్కించాలి.

4. ఉంగరం శాంభవికి. అమ్మా, రాణిగారు ఆ ఇంట్లోనే ఉండిపోయి దీన్ని పెట్టుకున్నారు. నువ్వు బయటికొచ్చి పెట్టుకో. పటమట ఇల్లు కూడా నీకే రాస్తున్నాను, నీకు వెళ్లడానికి ఒక చోటుండాలి. ముందుగా చెప్పకుండా నువ్వు ఏ వేళ వచ్చినా పక్కింటి అడ్వొకేటుగారు తాళం తీస్తారు.

5. ప్రద్యుమ్నకు వాళ్ల నాన్న చేతి గడియారం. చిన్నప్పుడు దాని చప్పుడు వింటూ నా ఒళ్లో నిద్రపోయేవాడు. ఇంకేమీ లేదు.

6. తెరేసమ్మ సాక్షి కనుక ఏమీ రాయకూడదట. నా గద్వాల చీరలు ఇప్పుడే ఇచ్చేస్తున్నాను.

7. నేను ఎప్పుడు, ఎలా పోయినా, గుండె ఆగిందని ఎవరు చెప్పినా, పోస్టుమార్టం కాకుండా దహనం చేయకూడదు. ప్రద్యుమ్న తొందరపెడతాడు. ఎండగా ఉందంటాడు, శవం ఆగదంటాడు. ఆపండి.

విజయవాడ, 14 నవంబరు 2025.
చదివించుకుని, సరేనని చేసిన సంతకం: తుర్లపాటి జ్ఞానేశ్వరి

మా ఎదుటే సంతకం చేశారని సాక్షులు:
తెరేసమ్మ, రిటైర్డ్ స్టాఫ్ నర్సు, గుణదల
జయపాల్, బావుల పని, పామర్రు