నాలుగు ముందా, రెండు ముందా?

స్కెల్డర్‌బీ, యార్క్‌షైర్
6 మార్చి 1976

గౌరవనీయులైన జాక్ థండర్ గారికి,

సెయింట్ ఆస్విన్ చర్చి గంటల బృందానికి పెద్దనైన హిల్డా థ్వెయిట్ రాయునది ఏమనగా:

నిన్న పార్లర్‌లో జుట్టుకు రోలర్లు చుట్టించుకుని డ్రయ్యర్ కింద కూర్చున్నాను. రేడియోలో మీ పాట వచ్చింది. ‘ఉరుముల గాడిద’ అట. పేరు జోలికి నేను పోను. కానీ మొదట్లో గిటారు మోగిందే, అది వినగానే రోలర్లతో సహా లేచి నిలబడ్డాను. మీరు మా గంటలు దొంగిలించారు! ఇరవై ఎనిమిదేళ్లుగా అవి మావి. వారం రోజుల్లో మర్యాదగా తిరిగి ఇచ్చెయ్యండి.

ఇట్లు,
హిల్డా థ్వెయిట్

తా.క.: పాటలో మిగతాదంతా మీరే ఉంచుకోండి.

లండన్
11 మార్చి

శ్రీమతి థ్వెయిట్ గారికి నమస్కారాలు.

మీ గంటలు నా దగ్గర లేవండీ. ఇల్లంతా వెతికాను, వ్యాను వెతికాను, మా డ్రమ్మర్ మంచం కింద కూడా వెతికించాను. అయినా చర్చి గంటల్ని నేనెలా ఎత్తుకెళ్తాను? డ్రమ్ములు ఎక్కిస్తేనే మా వ్యాను కొండ ఎక్కనని మొరాయిస్తుంది. పోలీసులకు చెప్పుకోండి.

నా గొడవలు నాకున్నాయి. ‘గ్రానైట్ గూస్’ అని ఒక బ్యాండు ఉంది. ఆ గిటారు ముక్క తమ పాటలోంచి కొట్టేశానని వాళ్లు కోర్టుకెక్కారు. వాళ్ల పాట మా పాటకన్నా మూడేళ్లు ముందుదట. మే నెలలో విచారణ. ఓడిపోతే పాట ఆగిపోతుంది, బ్యాండు మిగలదు, బతికున్నన్నాళ్లూ నన్ను దొంగ అంటారు. ఆ ఆరు స్వరాలు నా బుర్రలోంచే పుట్టాయని నేను చెప్తే నమ్మేవాడు లేడు. నిజం చెప్పండి, మిమ్మల్ని వాళ్లే పంపారా?

భవదీయుడు,
జాక్ థండర్

తా.క.: మంచం కింద గంటలు దొరకలేదు గానీ, పోయిన నా చొక్కాలు రెండు దొరికాయి. అందుకు మాత్రం మీకు ధన్యవాదాలు.

స్కెల్డర్‌బీ
14 మార్చి

అయ్యా థండర్ గారూ,

గంటలు గోపురంలోనే వేలాడుతున్నాయి. మీరు ఎత్తుకెళ్లింది 135426. తీసినవారికి ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు.

హిల్డా థ్వెయిట్

తా.క.: నన్నెవరూ పంపలేదు. నాకు కోపం రావడానికి ఇంకొకరి సాయం అక్కర్లేదు.

లండన్
18 మార్చి

శ్రీమతి థ్వెయిట్ గారికి,

మీరిచ్చిన నంబరుకు ఫోను చేశాను. ఎవరో మాంసం కొట్టాయన ఎత్తాడు. “గంటల సంగతి మాట్లాడాలండీ” అన్నాను. “గంటలు లేవు, ఎద్దు నాలుక ఉంది, కావాలా?” అన్నాడు. మీరిద్దరూ కలిసి నన్ను ఆట పట్టిస్తున్నారా?

విసిగిపోయిన
జాక్ థండర్

తా.క.: నాలుక తెప్పించాను. బాగుంది.

స్కెల్డర్‌బీ
22 మార్చి

ఫోను నంబరనుకున్న థండర్ గారికి,

సరే, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్తాను. మా గోపురంలో ఆరు గంటలు. అన్నిటికన్నా చిన్నది ఒకటో నంబరు, అన్నిటికన్నా పెద్దది ఆరో నంబరు. ఒక్కో తాడు ఒక్కొక్కరిది. ప్రార్థన అయ్యాక ఒకటి, మూడు, అయిదు, రెండు, నాలుగు, ఆరు అని వరసగా మోగాలి. ఎవరైనా అలాగే మోగిస్తారు. మా ఊళ్లో మాత్రం రెండుకన్నా నాలుగు ముందు మోగేది. మీ గిటారు కూడా అచ్చం అలాగే మోగింది! ఇంకెక్కడా లేని తప్పు మీకెలా దొరికింది?

అలా ఎందుకు మోగేదంటారా? రెండో తాడు మా ఆయన విల్‌ఫ్రెడ్‌ది. మంచివాడే, కానీ ఎప్పుడూ ఒక దెబ్బ ఆలస్యం. ప్రతి ఆదివారం గోపురం పుస్తకంలో నా చేత్తో రాసేదాన్ని: “1-3-5-4-2-6. విల్‌ఫ్రెడ్ మళ్లీ ఆలస్యం.” నిరుడు ఇక ఓపిక పట్టలేక ఆయన్ని దింపేసి, బట్టల కొట్టువాళ్ల అమ్మాయిని పెట్టాను. ఆ పిల్లకేమో తొందర. ఇప్పుడు రెండూ నాలుగూ ఒకేసారి ఢీకొని, వంటింట్లో పళ్లాలు పడ్డట్టు మోగుతున్నాయి. ఆయన మాత్రం చర్చి వైపు తొంగి చూడటం లేదు. పెరట్లో ఉల్లికాడలు పెంచుకుంటున్నాడు.

హిల్డా థ్వెయిట్

తా.క.: మీ ఉత్తరం చదివి ఆయన నవ్వాడు. ఏడాది తర్వాత నవ్వాడు. అది ఎద్దు నాలుక పుణ్యం, మీది కాదు.

లండన్
27 మార్చి

హిల్డా ఆంటీకి కోటి దండాలు.

ఆంటీ అన్నందుకు కోప్పడకండి. మీ ఉత్తరం మా అమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. ఒకటే నవ్వు. “ఒరేయ్, ఏడేళ్లు వచ్చేదాకా నువ్వు పెరిగింది ఎక్కడనుకున్నావు? స్కెల్డర్‌బీలో, మీ నానమ్మ ఇంట్లో, ఆ గోపురం కిందే!” అంది. నా అసలు పేరు నార్మన్ పికిల్స్. ఆ పేరు పెట్టుకుని గిటారు వాయిస్తే ఎవరు వింటారని మార్చుకున్నాను. ఊరు పేరు మరిచిపోయాను గానీ గంటలు మరవలేదు. అవి మోగగానే నానమ్మ పుడ్డింగు పిండి ఓవెన్లో పెట్టేది. ఆ ఆరు స్వరాలు నా బుర్రలో పుట్టలేదు, నా ఆకలిలో పుట్టాయి.

ఆంటీ, నేను దొంగనే! మీ కాళ్లు పట్టుకుంటాను, కోర్టుకొచ్చి నన్ను దొంగ అని గట్టిగా చెప్పండి. మీ దగ్గర కొట్టేశానని తేలితే గూస్ వాళ్ల దగ్గర కొట్టెయ్యలేదని తేలుతుంది. ఆ పుస్తకం తప్పకుండా తీసుకురండి. మొదటిరోజు నేను సాక్ష్యం చెప్పి హాంబర్గ్ కచేరీకి వెళ్లిపోవాలి. రెండోరోజు మీదే భారం.

మీ దొంగ,
నార్మన్

తా.క.: ఇంత సంబరంగా నేరం ఒప్పుకున్నవాణ్ణి మా లాయరు ఎన్నడూ చూడలేదట.

స్కెల్డర్‌బీ
23 మే

చిరంజీవి నార్మన్‌కు ఆశీస్సులు.

నువ్వు గెలిచావని మీ లాయరు తంతి కొట్టే ఉంటాడు. ఎలా గెలిచావో మాత్రం నేనే చెప్పాలి. చెప్పడం నాకు కష్టంగానే ఉంది.

పుస్తకం చూపించాను. గూస్ వాళ్ల లాయరు పేజీలు తిప్పి, “ఇరవై ఎనిమిదేళ్లు, ప్రతి ఆదివారం, ఒకే మనిషి, సరిగ్గా ఒక్క దెబ్బే ఆలస్యమా? ఆలస్యమయ్యేవాడు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అవుతాడు. ఇది మొన్న కూర్చుని రాసిన దొంగ పుస్తకం!” అన్నాడు. “మా ఆయన సంగతి మీకు తెలియదు లెండి” అన్నాను. అందరూ నవ్వారు గానీ జడ్జిగారు నవ్వలేదు. పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు వెనక బల్ల మీంచి విల్‌ఫ్రెడ్ లేచాడు. తోడు వస్తానంటే సరేనని తీసుకెళ్లాను, అంతే. “అయ్యా, నేను ఆలస్యం కాదండీ. మా ఆవిడే ముందు” అన్నాడు. ఆయన్ని బోనులోకి పిలిచి ప్రమాణం చేయించారు.

“నాలుగో తాడు ఆమెది. ఆదివారం ఇంట్లో మాంసం ఓవెన్లో ఉంటుంది కదండీ, మాడిపోతుందని ఒక దెబ్బ ముందే లాగేస్తుంది. నేను నా వంతుకు లాగితే రెండూ ఢీకొంటాయి. ఊరంతా ఆమెను చూసి నవ్వుతుంది. అందుకని ఆమె లాగాక లాగేవాణ్ణి.”

“మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదయ్యా?” అన్నారు జడ్జిగారు.

“పుస్తకం రాసేది ఆమె కదండీ.”

ఈసారి జడ్జిగారూ నవ్వారు. తర్వాత నన్ను అడిగారు, “ఇది నిజమేనా?” అని. నార్మన్, ముప్పై ఏళ్లుగా ఊళ్లో తలెత్తుకు తిరిగినదాన్ని. కాదంటే నా పరువు దక్కేది, నువ్వు మునిగేవాడివి. ఆయన ముఖం చూశాను. ఢీకొంటున్న గంటలు గుర్తొచ్చాయి. ఆ పిల్లది తొందర కాదు, పాపం, సరిగ్గానే లాగుతోంది. “నిజమేనండీ, తప్పు నాదే” అన్నాను.

చివరికి గూస్ గిటారు కుర్రాడు కూడా ఒప్పుకున్నాడు. ఒక ఆదివారం వ్యాను చెడిపోయి మన ఊరి పబ్బులో మధ్యాహ్నం దాకా కూర్చున్నాడట. వాడూ మన గంటలే విన్నాడు.

రైల్లో అడిగాను, “నాకైనా చెప్పొచ్చు కదయ్యా?” అని. “ఎందుకే, వినడానికి బాగానే ఉండేదిగా” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. కిటికీలోంచి చూస్తున్నట్టు కూర్చున్నాను.

కాబట్టి ఆ ఆరు స్వరాలు నీవి కావు, నావీ కావు. ఈసారి రికార్డు అచ్చు వేసేటప్పుడు పాట పేరు కింద ‘విల్‌ఫ్రెడ్ థ్వెయిట్’ అని వేయించు. పేరులో తప్పుల్లేకుండా.

ఆశీస్సులతో,
మీ ఆంటీ
హిల్డా

తా.క.: ఆయన మళ్లీ రెండో తాడు పట్టాడు. ఇవాళ మొదటిసారి నేనాగి, ఆయన లాగాక లాగాను. వరస సరిగ్గా వచ్చింది. గంటలు తప్పు మోగాయని ఊళ్లోవాళ్లు ముగ్గురు ఫిర్యాదు చేశారు. ఇంటికొచ్చేసరికి మాంసం, పుడ్డింగు రెండూ మాడిపోయాయి. ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు.