పెరటి కాపలా

సోంపేట,
జూన్ 14

చూడామణి వదినకు హైమవతి నమస్కారాలు.

మీరు నెల్లిమర్లలో మీ అమ్మాయి విశాలి ఇంట్లో కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాలుగుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లు మీరు ఎత్తలేదు. నాలుగోసారి విశాలి ఎత్తి, "అమ్మ పడుకుంది అత్తా" అంది. వెనక మీ గొంతు వినిపిస్తూనే ఉంది. ఉత్తరమైతే ఎప్పుడో ఒకప్పుడు విప్పుతారని రాస్తున్నాను.

మీ తమ్ముడి పదో రోజున, చుట్టాలంతా కూర్చుని ఉండగా మీరన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. "పెరడు నిండా పండించింది. ఊరందరికీ పంచింది. నా తమ్ముడికి మాత్రం ఒక్క ముక్క పెట్నేదు. నోరు ఎండిపోయి పోనాడు నా కూర్మనాథం" అన్నారు. వంటవాళ్లు కూడా గరిటెలు ఆపి నా వైపు చూశారు. తమ్ముణ్ని పోగొట్టుకున్న మనిషి, అంటే అననీ అనుకుని ఊరుకున్నాను. రెండు నెలలు దాటింది. ఆ మాట అరగడం లేదు. మీకు జవాబు చెప్పుకోకపోతే నేను బతకలేను.

ఇరవై ఆరేళ్ల క్రితం ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు వెనక ఇసుక, ఎండు కొబ్బరి మట్టలు తప్ప ఏమీ లేవు. రోజూ బడి వదిలి వచ్చాక చీర కుచ్చెళ్లు దోపుకుని పేడ, ఆకుచెత్త మోసి ఆ ఇసుకని మట్టి చేశాను. మొదటి ఆనపకాయ కాసిన రోజు మీ తమ్ముడు మృదంగం పక్కన పెట్టి వచ్చి పాదు ముందు చేతులు జోడించారు. "ఏ దేవుడికి పెట్టాలో తెలీక నీకే పెడతన్నాను తల్లీ" అని ఆనపకాయతో అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అది మొదలు పెరట్లో పండింది కంచంలో పడితే, దండం పెట్టకుండా ముద్ద ఎత్తేవారు కాదు. పిల్లలు లేరు కనక చెట్లే నాకు పిల్లలని ఊళ్లో అనేవారు. ఆ మాట నాకెప్పుడూ నచ్చలేదు. బెండకాయ బెండకాయే. కోసి వండి పెట్టడానికే పెంచాను.

తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది మీకు గుర్తుండే ఉంటుంది. కరెంటు లేదు, బజారు లేదు. కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా నేలకొరిగాయి. పాదులన్నీ పోయినా నేల లోపల కంద మిగిలింది. గునపంతో తవ్వి వీధిలో తొమ్మిది ఇళ్లకి పంచాం. "ఒసే హైమా, నీ పెరడు సల్లగుండ, మా కడుపులు నింపినావు" అని మీరే నన్ను కావిలించుకున్నారు.

తర్వాత మూడేళ్లకి ఆయనకి కిడ్నీలు పోయాయని తెలిసింది. మన ఉద్దానంలో ఈ జబ్బు రాని వీధి లేదు. ఎందుకొస్తుందో ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్లంటారు కొందరు, ఎండంటారు కొందరు. నేను మాత్రం చాలా రోజులు నా పెరటి వైపే అనుమానంగా చూశాను. ఇరవై ఏళ్లు ఆయనకి తిండి పెట్టింది నేనే కదా. అదే తిన్న నాకు ఏమీ కాలేదు. అది కూడా నా నేరంలాగే తోచేది.

వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు, పలాస వెళ్లి నాలుగేసి గంటలు డయాలసిస్ మిషన్ మీద పడుకునేవారు. సూదుల కోసం ఎడమచేతి నరానికి ఆపరేషన్ చేశారు. ఆ చేతిమీద దెబ్బ పడకూడదన్నారు. మృదంగం అటక ఎక్కింది. ఇక తిండి సంగతి. వాళ్లిచ్చిన కాగితంలో తినకూడనివి చదువుతుంటే నా పెరడు చదువుతున్నట్టే ఉంది. బచ్చలి, తోటకూర, టమాటా, మునగ, అరటి, కంద. వాటిలో ఉండే పొటాషియం ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోతుందన్నారు. తినదగ్గ కూరల్ని కూడా ముక్కలు కోసి, వేడినీళ్లలో రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేరే నీళ్లలో ఉడికించి, అవీ పారబోయాలి. రంగు, వాసన, రుచి కాలవలోకి పోయేవి. మిగిలిన పీచు ఉప్పు లేకుండా వడ్డించేదాన్ని. నేనూ అదే తిన్నాను వదినా. ఆయన ఎదురుగా కూర్చుని నేను రుచిగా ఎలా తినగలను? నాలుగేళ్లు అదే తిన్నాను. చెట్లు తీసేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. పండినవి ఇంట్లో తినేవాళ్లు లేక ప్రతి శనివారం సంచి నింపి మీకు పంపేదాన్ని.

నా పెరటికి నేనే కాపలా అయ్యాను. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి టమాటా మొక్కల దగ్గర దొరికారు, బుగ్గలో పండు పెట్టుకుని. గడ్డం కింద చెయ్యి పట్టి ఉమ్మమన్నాను. వందల కచేరీల్లో వాయించిన మనిషి, నా అరచేతిలో ఉమ్మి లోపలికి వెళ్లిపోయారు. ఆ చెయ్యి కడుక్కుంటూ నేను ఎంత ఏడ్చానో మీకు తెలీదు.

చివరి ఆదివారం పొద్దున్న బచ్చలి పందిరి కింద నిలబడి, "ఒక్క ముద్ద పులుసు హైమా. ఒక్క ముద్దకి ఏటవుతాది?" అన్నారు. "రేపు మిషన్ అయ్యాక చూద్దాం లెండి" అన్నాను. అబద్ధమే చెప్పాను. మర్నాడు పొద్దున్న పలాస వెళ్తూ ఆటోలోనే నా భుజం మీదికి ఒరిగిపోయారు. "నిన్న ఏమైనా తిన్నారా అమ్మా?" అని డాక్టరుగారు అడిగితే, "నేను పెట్టింది తప్ప మరేమీ ముట్టలేదండీ" అన్నాను. గర్వంగానే అన్నాను. మీరూ అక్కడే ఉన్నారు.

అవును వదినా, పెట్టలేదు. పెట్టకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో ఆయన ఒక్కరికే తెలుసు. ఆయన లేరు. సోమవారం నుంచి జగన్నాధం మేస్త్రీ పనికి వస్తున్నాడు. పెరడంతా చదును చేసి గచ్చు చేయించేస్తున్నాను. ఇక మీదట శనివారాలు సంచి రాదు.

మీ మరదలు
హైమవతి

*

నెల్లిమర్ల,
జూన్ 19

హైమా,

నీ ఉత్తరం విశాలి విప్పబోతే లాక్కుని గదిలోకి తీసుకుపోయాను. రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను. నీ గొంతు వింటే బయటపడిపోతానని ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు దాచను.

కూర్మనాథం నా ఇంట్లో తిన్నాడు. ఒకసారి కాదు. రెండున్నరేళ్లు, దాదాపు ప్రతి ఆదివారం.

సాయంత్రం కోవెల్లో భజనకని నీతో చెప్పి బయల్దేరేవాడు కదా. కోవెలకి వెళ్లేవాడు, ఆ మాట నిజమే. పది నిమిషాలు కూర్చుని మా వీధిలోకి వచ్చేసేవాడు. ఆ వేళప్పుడు నువ్వు మొక్కలకి నీళ్లు పోస్తుంటావు, వెంట రావు. మొదటిరోజు నేను నువ్వు పంపిన తోటకూర పోపు పెడుతున్నాను. గుమ్మంలో నిలబడి వాసన ఎగబీల్చాడు. "అక్కా, ఏటి వండతన్నావు?" అన్నాడు. "నీకు కూడదురా, ఎల్లు" అన్నాను. వెళ్లలేదు. పీట వాల్చుకుని కూర్చున్నాడు. అమ్మ పోయాక నా చేతి ముద్దలు తిని పెరిగినవాడు, హైమా. రెండు ముద్దలు పెట్టాను.

మధ్యలో నాకు భయం వేసి మూడు వారాలు తలుపు తియ్యలేదు. లోపల్నుంచే "ఇంటికి పోరా" అని అరిచాను. అరుగు మీద కూర్చున్నాడు. వీధిలో వాళ్లు ఏమైందని అడుగుతుంటే సిగ్గేసి తీశాను. "హైమకి సెప్పొద్దు అక్కా. అది నాకోసం సప్పిడి కూడు తింతంది. తెలిస్తే సచ్చిపోతాది" అని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. తినే ముందు కంచానికి దండం పెట్టేవాడు. "నా ఇంట్లో తింటా దండం ఎవులికిరా?" అంటే, "పండించినదానికి" అనేవాడు.

ఆ చివరి ఆదివారం బచ్చలి పులుసు చేశాను. ముందురోజు నువ్వు పంపిన బచ్చలే. మూడుసార్లు వడ్డించుకున్నాడు. చాలురా అన్నా వినలేదు. వేళ్లు నాక్కుంటూ తిన్నాడు. మర్నాడు నీ ఫోన్ రాగానే పలాస పరిగెత్తుకొచ్చాను. ఆసుపత్రిలో డాక్టరుగారు నిన్ను అడిగినప్పుడు నీ పక్కనే ఉన్నాను. నువ్వు ఆ జవాబు చెప్పావు. నేను నోరు విప్పలేదు.

పదో రోజున నేనెందుకు అరిచానో ఇప్పుడు నీకు తెలిసే ఉంటుంది. నా మీదికి ఎవరైనా వేలు చూపిస్తారేమోనని, ముందే నీ మీదికి చూపించాను. అందరూ నిన్ను చూస్తుంటే నాకు ఊపిరి ఆడింది. అంత పాపిష్టిదాన్ని. మర్నాడే ఇక్కడికి పారిపోయి వచ్చాను. క్షమించమని అడగను. నా తమ్ముడు నోరు ఎండిపోయి పోలేదని మాత్రం నీకు తెలియాలి. కడుపు నిండా తిని పోయాడు.

నీ వదిన
చూడామణి

*

సోంపేట,
జూలై 3

వదినా,

మీ ఉత్తరం అందేసరికి పెరడు సగం గచ్చయిపోయింది. బచ్చలి పందిరి, టమాటా మొక్కలు, అరటి, అన్నీ దాని కిందికే పోయాయి. వాన వచ్చి పని ఆగింది కనక మిగతా సగం మిగిలింది. జగన్నాధం మళ్లీ వస్తే ఇక వద్దని చెప్పి పంపేశాను. "సగం సగం ఏటమ్మా, సూస్తే బాగోదు" అన్నాడు. బాగోకపోతే పోనీ అన్నాను.

మొదటి మూడు రోజులు మీ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. నాలుగో రోజు బస్సెక్కి పలాస వెళ్లాను, ఆయన తిన్న పులుసు వల్లే గుండె ఆగిందా అని డాక్టరుగారిని అడుగుదామని. గేటు దాకా వెళ్లి, డయాలసిస్ కోసం వరసలో కూర్చున్న మనుషుల్ని, వాళ్ల ఒళ్లో ఉన్న క్యారియర్లని చూసి తిరిగి వచ్చేశాను. డాక్టరుగారు ఔనన్నా, కాదన్నా నేను చేసేదేముంది?

మీకు ఒక విషయం తెలియదు. శుక్రవారం మిషన్ ఎక్కిన మనిషి మళ్లీ సోమవారం దాకా ఎక్కడు. తిన్నదంతా ఒంట్లోనే ఉండిపోతుంది. వారంలో అన్నిటికన్నా ప్రమాదమైన సాయంత్రం ఆదివారమే. ఈ మాట నర్సు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. మీకు తెలియదు, ఆయనకి తెలుసు. తెలిసే మీ గుమ్మంలోకి వచ్చారు. అందుకే మీరు చంపారని నేను అనలేను. అనగలిగితే నాకు సులువుగా ఉండేది.

కాని నా కోపం ఎక్కడుందో చెబుతాను, వినండి. రెండున్నరేళ్లు ఆయన ఆదివారాలు పోపు పెట్టిన కూర తిని, మూతి కడుక్కుని, ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని ఆ చప్పిడి పీచు నమిలారు. నేను కూడా నములుతుంటే చూశారు. "నువ్వు తినవే, నాకోసం మానకు" అని ఒక్కసారి అనలేదు. ఈ ఇంట్లో పథ్యం చేసింది నేను, వదినా. జబ్బు ఆయనది, పథ్యం నాది. ఆయన అన్నం ముందు దండం పెట్టారని రాశారు. ఆ కూర నా ఎదురుగా కూర్చుని తిని, ఆ దండం నాకే పెట్టి ఉంటే నేనేం చేసేదాన్ని? తిట్టేదాన్ని, కొట్టేదాన్ని, చివరికి నేనే వండి పెట్టేదాన్నేమో. అదే ఆయన భయం కాబోలు. నా చేత పెట్టించుకుని పోతే నేను బతకలేనని మీ చేత పెట్టించుకున్నారని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఒక్కో పూట నమ్ముతున్నాను. ఒక్కో పూట, తిండికోసం కక్కుర్తిపడి అబద్ధాలాడాడు ముసలాయన అనిపిస్తుంది.

మీరు రాసింది నేను ఎవరికీ చెప్పను. మిమ్మల్ని కాపాడటానికి కాదు. ఆయన అక్క ఇంటికి దొంగచాటుగా వెళ్లి తిన్నారని ఊళ్లో నవ్వుకోవడం నాకు ఇష్టం లేదు. నేనే పెట్టలేదనుకోనివ్వండి. ఆ పేరు మొయ్యడం నాకు అలవాటైంది. మీరు మాత్రం మళ్లీ నలుగురిలో నా పేరు ఎత్తవద్దు.

నిన్న మిగిలిన సగం పెరట్లో వంగమొక్కలు చూశాను. రెండు నెలలకి పైగా ఎవరూ నీళ్లు పొయ్యకపోయినా వానకి చిగిర్చి కాశాయి. నాలుగు కాయలు కోసి ముక్కలు చేశాను. అలవాటుగా గిన్నెలో వేడినీళ్లు పోశాను. పోసి, కాసేపు అలాగే నిలబడి, నీళ్లు వంపేసి ముక్కలు మూకుట్లో వేశాను. ఉప్పు వేశాను. ఆవ నూరి పెట్టాను. కంచం ముందు కూర్చుంటే దండం పెట్టాలనిపించింది, చేతులు లేవలేదు. తిన్నాను. నాలుగేళ్ల తర్వాత నా నోటికి నా కూర తెలిసింది. ఎంత బాగుందో చెప్పలేను. అంత బాగున్నందుకే ఆయన మీద, మీ మీద, నా మీద పట్టరాని కోపం వచ్చింది. ఏడుస్తూనే మొత్తం తినేశాను.

మీరు ఇప్పుడప్పుడే ఇక్కడికి రావద్దు. వస్తే ఏమంటానో నాకే తెలియదు. కాని ఉత్తరం రాయండి. ఆ ఆదివారాలన్నీ రాయండి. ఏ రోజు ఏ కూర వండారు, ఎన్ని ముద్దలు తిన్నారు, ఏది మళ్లీ అడిగారు, తింటూ ఏమన్నారు, ఒక్కటీ వదలకుండా రాయండి. మీ తమ్ముడి కోసం కాదు. అవి నేను పండించినవి. నాకు తెలియాలి.

హైమవతి