తీయ్ అంటే తీ అని

వసంతక్కా,

మార్కెట్టు నుంచి వస్తానే కాఫీ గింజలు వేపే పీపా కింద నిప్పు పెట్టొద్దు. పొగ పోతుందని నేను దానికి కొట్టిన బెజ్జాల్లోంచి గింజల పొట్టు నిప్పుల్లో రాలి, పొద్దున బుస్సుమని మంట లేచింది. ఆ గలాటాలో అమ్మ చేయి బొబ్బలెక్కింది. కలబంద గుజ్జు పూసినాను, ఆరితే మళ్ళా పూయి. పీపా తిప్పతానని లేస్తే తిట్టి కూర్చోబెట్టు.

రుక్మణి పుట్టింటికి, కిరుమాంబాక్కం పోయింది. మంట చూసి నేను "తీయ్, తీయ్" అని అరిచినాను, పీపాను పొయ్యి మీద నుంచి తీయమని. పేరుకు తెలుగోళ్ళే గాని వాళ్ళింట్లో అంతా అరవమే గదా, ఆ పిల్లకు అది "తీ, తీ" అని వినబడింది. ఇల్లంటుకుందనుకొని కుండెడు నీళ్ళు కుమ్మరించింది. కాలే పీపా మీద నుంచి ఆవిరి లేచి అమ్మ చేతికి కొట్టింది. అమ్మేమో "కావాలనే పోసింది, నన్ను చంపేదానికే వచ్చింది మహాతల్లి" అని వీధంతా వినేటట్టు అనింది.

అరవంలో తీ అంటే నిప్పని అమ్మకు తెలవదా? ఈ అరవ ఊళ్ళోనే పుట్టింది. నువ్వే అడుగు. నేనడిగితే పెళ్ళాం కొంగు పట్టుకోని తిరగతా ఉండాడంటుంది. జట్కా కట్టించుకోని నేను పోతా ఉండా. మేం వచ్చేలోపల అమ్మ నోట ఒక మంచిమాట అనిపించు. లేకుంటే ఆ పిల్ల ఇంక ఈ గడప తొక్కదు.

వరదరాజన్

ఇంకోటి. రుక్మణి కాళ్ళ మీద గూడా ఉడుకు నీళ్ళు పడినాయంట. పక్కింటి మణియమ్మత్త చెప్తే తెలిసింది. మనింట్లో ఎవరమూ చూడలేదు.