కీరా ముక్కలు తిన్నది ఆయనటండీ

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి రెండేళ్ళు. ఇంట్లో ఒక్కదాన్నీ దిగులుగా కూర్చుంటానని అమ్మాయి నన్ను రాజమండ్రిలో కొత్తగా పెట్టిన సలాడ్ హోటలుకి తీసుకెళ్ళింది. పొయ్యి వెలిగించిన జాడే లేదక్కడ. గిన్నె నిండా ఆకులూ, మొలకలూ, పచ్చి ముక్కలూ తెచ్చి పెట్టారు. కాస్త ఆవకాయ ఉందా అని అడిగితే నవ్వారు. ఒళ్ళు మండిపోయింది.

అంతలో ధవళేశ్వరం ఆఫీసులో మీ పక్క సీటు మూర్తిగారు వచ్చి పలకరించారు. సన్నబడ్డారు, హుషారుగా ఉన్నారు.

"అంతా మీ చలవేనండి. నా షుగరు అదుపులోకొచ్చిందంటే మీరు పంపిన కీరా ముక్కల వల్లే. మీవారు రోజూ ఆ డబ్బా నా బల్ల మీద పెట్టేసి, వేడి పునుగులు తెప్పించుకునేవారండి" అన్నారు.

ఆరేళ్ళండీ! ఆరేళ్ళు పొద్దున్నే లేచి తరిగాను. సాయంత్రం ఖాళీ డబ్బా చూసి మురిసిపోయాను. మీ షుగరు దిగకపోతే ఆ డాక్టరుకి వైద్యం రాదని తిట్టిపోశాను.

ఆయన మీద కోపం తెచ్చుకుని ఏం లాభం? "మావారు నాతో ఎందుకు చెప్పలేదటండి?" అని మాత్రం అడిగాను.

"మా ఆవిడ బాధపడుతుంది, డబ్బా ఖాళీగానే ఇంటికెళ్ళాలి అనేవారండి."

బాధపడితే పడేదాన్ని కదండీ. రెండు రోజులు మీతో మాట్లాడకుండా ఉండి, మూడోనాడు మీ ఆఫీసుకే వచ్చి, పక్కన కూర్చుని తినిపించేదాన్ని.